తిట్టు మీమ్‌ను విప్పి చూడటం ఎలా?

ఎన్నికల వేళ ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక నాయకుణ్ని వెక్కిరించే బొమ్మ ఎదురవుతుంది. మనకు నచ్చని నాయకుడి మీదైతే నవ్వి నాలుగు గ్రూపుల్లో పెడతాం. మనకు నచ్చిన నాయకుడి మీదైతే ఒళ్లు మండుతుంది. ఆ నవ్వునూ ఆ మంటనూ కాసేపు పక్కన పెట్టి, ఆ బొమ్మను గడియారం విప్పినట్టు విప్పి చూడటం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. జర్నలిజం, సామాజిక శాస్త్రాలు చదివేవారికి ప్రాజెక్టు పనిగా, పత్రికలకు రాసేవారికి పనిముట్టుగా ఇది అక్కరకొస్తుంది. మొదటి మీమ్‌కు రెండు గంటలైనా పడుతుంది. పదో మీమ్‌కు వచ్చేసరికి అరగంట చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. ప్రతి తిట్టులోనూ ఇద్దరుంటారు. తిట్టు తిన్నవాడు ఒకడు, ఆ తిట్టుకు ముడిసరుకుగా పనికొచ్చినవాడు ఇంకొకడు. "నీకు రాజకీయాలెందుకు, పోయి గొర్రెలు కాసుకో" అని ఒక నాయకుడి ఫొటో మీద రాశారనుకోండి. గురి నాయకుడి మీదే. కానీ గొర్రెలు కాయడం తక్కువ పని అని రాసినవాడూ చదివినవాడూ ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటేనే ఆ మాట తిట్టవుతుంది. నాయకుడు రేపు గెలిస్తే దాన్ని మరిచిపోతాడు. మంద వెంట ఎండలో నడిచే కుటుంబం మీద మాత్రం ఆ మాట అలాగే మిగిలిపోతుంది. ఈ రెండో మనిషిని పట్టుకోవడమే మన పనిలో అసలు భాగం. మిగతా మెట్లన్నీ అక్కడికి చేర్చేవే.

విమర్శనాత్మక సామాజిక సిద్ధాంతం అన్న పేరు విని బెదరక్కర్లేదు. 1937లో జర్మన్ తత్వవేత్త మాక్స్ హోర్క్‌హైమర్ రాసిన ఒక వ్యాసంతో ఆ పేరు నిలబడింది. సమాజం ఎలా ఉందో వర్ణించి ఊరుకోకుండా, ఆ అమరిక ఎవరికి లాభమో, అది సహజమేనని మిగతావాళ్లు ఎందుకు నమ్ముతున్నారో అడగటం దాని పద్ధతి. మన సమాజం గురించి ఆ ప్రశ్నను అంబేడ్కర్ ఇంకా సూటిగా అడిగారు. ఆయన చెప్పిన నిచ్చెన మెట్ల అసమానతలో పై మెట్టుకు పోయేకొద్దీ గౌరవం పెరుగుతుంది, కింది మెట్టుకు వచ్చేకొద్దీ తిరస్కారం పెరుగుతుంది. తెలుగు తిట్టు మీమ్‌లను చదవడానికి ఇంతకన్నా పదునైన పరికరం మరొకటి లేదని మా అభిప్రాయం. తిట్టేవాడు చేసేది ఒకటే: ఎదుటివాణ్ని నిచ్చెనలో కింది మెట్టుకు నెట్టి చూపించడం. ఏ మెట్టుకు నెట్టాడో మనం రాసుకోవాలి.

1. ప్రశ్న పెట్టుకోండి, తర్వాత సేకరించండి

కనిపించినవన్నీ పోగేస్తే చివరికి ఏమీ తేలదు. ముందు ఒక చిన్న ప్రశ్న అనుకోండి. ఉదాహరణకు: పోలింగ్‌కు ముందు 14 రోజుల్లో మహిళా అభ్యర్థుల మీద వచ్చిన మీమ్‌లలో వాళ్ల పనితీరు గురించినవి ఎన్ని, ఒంటి గురించీ కుటుంబం గురించీ వచ్చినవి ఎన్ని? మొదటి ప్రయత్నానికి 40 మీమ్‌లు సరిపోతాయి. రెండు ప్రధాన పక్షాలుంటే ఒక్కొక్క వైపు నుంచి 20 చొప్పున తీసుకోండి. ఈ సమాన లెక్క తప్పనిసరి. మీ ఫోన్ మీ ఇష్టాయిష్టాలను ఎప్పుడో నేర్చుకుంది, మీకు కోపం తెప్పించేవో నవ్వు తెప్పించేవో మాత్రమే ముందుకు తోస్తుంది. చేతికందినవి తీసుకుంటే అవతలి పక్షమే అసభ్యమైనదని తేలడం ఖాయం. వీలైతే కొత్త ఖాతాతో వెతకండి.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు బొమ్మ ఒక్కటే కత్తిరించుకోకండి. పేజీ పేరు, తేదీ, బొమ్మ పైన రాసిన వాక్యం, కింద కనిపించే మొదటి పది కామెంట్లు కూడా రావాలి. లింకును విడిగా రాసుకోండి. కామెంట్లు పెట్టిన మామూలు మనుషుల పేర్లు, ముఖాలు అప్పటికప్పుడే చెరిపేయండి.

వాట్సాప్‌లో వచ్చినవాటితో జాగ్రత్త. ఫైలు పేరులో కనిపించే తేదీ ఆ బొమ్మ మీ ఫోన్‌కు చేరిన తేదీ, తయారైన తేదీ కాదు. ఫొటోలో దాగి ఉండే వివరాలు వాట్సాప్ దాటేసరికి తుడిచిపెట్టుకుపోతాయి. చాలామంది కొత్తవాళ్లు 2019 నాటి మీమ్‌ను 2024 ఎన్నికల లెక్కలో వేసేది ఇక్కడే. గూగుల్ లెన్స్‌లో పెట్టి పాత జాడ వెతకండి. బొమ్మ పక్కన రెండు బాణాల గుర్తు ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. ఎంతమంది చూశారన్నది ఆ గుర్తు చెప్పదు.

2. నవ్వకుండా, తిట్టకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి

ఒక్కో మీమ్‌కు పది నిమిషాలు. ఫ్రేమ్‌లో ఎందరున్నారు, ఎవరు పైన, ఎవరు కింద, ఎవరి చూపు ఎటు, ఏ రంగు నేపథ్యం, ఎన్ని పదాలు, ఏ యాస, ఎక్కడ అక్షరాలు పెద్దవయ్యాయి. "నాయకుణ్ని జోకర్‌లా చూపించారు" అని ఇప్పుడే రాయకూడదు. "నాయకుడి ముక్కు మీద ఎర్రటి బంతి అతికించారు" అని రాయాలి. మొదటిది తీర్పు, రెండోది వర్ణన. ఈ మెట్టు దాటేసి నేరుగా తీర్పుకు వెళ్లిన విశ్లేషణ ఎప్పుడూ తేలిపోతుంది. ఎదురు ప్రశ్న వేస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

రంగు విషయంలో తొందర వద్దు. పసుపు, గులాబీ, నీలం, కాషాయం, ఎరుపు మనకు పార్టీలుగానే కనిపిస్తాయి. కానీ టెంప్లేట్‌లో, అంటే మాటలు మార్చి అందరూ మళ్లీ మళ్లీ వాడుకునే మూల బొమ్మలో, మొదటి నుంచీ ఉన్న గోడ రంగును పార్టీ రంగుగా చదివి పప్పులో కాలేసినవాళ్లున్నారు.

3. టెంప్లేట్ ఎక్కడిదో తవ్వండి

తెలుగు మీమ్‌లో సగం మాట బొమ్మే చెప్పేస్తుంది. బ్రహ్మానందం ముఖం ఒకటి పెడితే చాలు, వాక్యం సగంలో ఆపేసినా మనం పూరించుకుంటాం. కాబట్టి ఆ ఫ్రేమ్ ఏ సన్నివేశంలోది, అక్కడ ఆ పాత్ర చేసే పని ఏమిటి, ఎవరి చేతిలో దెబ్బలు తింటుంది, ఏ యాసలో మాట్లాడుతుంది అన్నవి రాసుకోవాలి. మన సినిమాల్లో తెలంగాణ యాసను చాలాకాలం రౌడీకో హాస్యగాడికో అంటగట్టారన్న విమర్శ తెలిసిందే. ఉత్తరాంధ్ర యాస పనివాళ్ల నోట, రాయలసీమ యాస వేటకొడవలి పట్టినవాడి నోట పెట్టడమూ అలాంటిదే. మీమ్ చేసిన కుర్రాడికి ఈ ఊహే ఉండకపోవచ్చు. ఉన్నా లేకపోయినా, ఆ ఫ్రేమ్‌ను ఎత్తుకొచ్చినప్పుడు దానితోపాటు ఆ పాత లెక్క కూడా వచ్చేస్తుంది.

4. ఆరోపణను, అవమానాన్ని వేరు చేయండి

మీమ్‌లోంచి అవమానాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో ఒక్క వాక్యంలో రాయండి. గుంతలు పడ్డ రోడ్డు ఫొటో, పక్కన మంత్రి ముఖం, "చేపల చెరువుల పథకం విజయవంతం" అన్న మాట ఉందనుకోండి. వెక్కిరింపు తీసేసినా ఆరోపణ మిగిలింది: రోడ్లు బాగు చేయలేదు. దాన్ని నిజమో కాదో తేల్చుకోవచ్చు. అదే రోడ్డు పక్కన మంత్రి పొట్టను బండరాయిగా మార్చి పెడితే, పొట్ట తీసేశాక ఏమీ మిగలదు.

ఇక్కడ మార్పిడి పరీక్ష ఒకటి చేయండి. ఆ ముఖం తీసేసి ప్రత్యర్థి నాయకుడి ముఖం పెట్టండి. జోకు అలాగే పనిచేస్తే, అది ఆ నాయకుడి పని గురించి కాదు, ముడిసరుకు బలంతో నడుస్తోంది. పనిచేయకపోతే, ఆ నాయకుడు చేసిన ఏదో ఒక పనిని అది పట్టుకుందన్నమాట. ఈ పరీక్ష ఒక్కటే చాలదు. కొన్ని మీమ్‌లు నిజమైన ఆరోపణనూ నీచమైన ముడిసరుకునూ కలిపి వండుతాయి. అప్పుడు రెండూ రాయాలి. ఆరోపణ నిజమైంది కదా అని ముడిసరుకును వదిలేయకూడదు, ముడిసరుకు నీచమైంది కదా అని ఆరోపణను కొట్టిపారేయకూడదు. నాయకుల అనుచరులు ఎక్కువగా చేసేది ఈ రెండో తప్పు. కులం పేరో ఆడతనం పేరో అడ్డుపెట్టి జవాబు చెప్పాల్సిన ప్రశ్నను ఎగ్గొడతారు.

5. ముడిసరుకు పట్టిక

ఒక కాగితం మీద ఈ వరుసలు గీయండి: వృత్తి, కులం, ఆడ, మగ, ఒళ్లు, రంగు, వైకల్యం, చదువు, ఇంగ్లిషు, ప్రాంతం, యాస, మతం, పేదరికం. ప్రతి మీమ్‌కు ఏ వరుస నుంచి సరుకు తెచ్చారో గుర్తించి, పక్కన ఆధారం రాయండి. ఏ పదం, ఏ బొమ్మ భాగం అన్నది చూపించలేకపోతే ఆ గుర్తు తీసేయండి.

అసలు మీమ్ ఒకటి తీసుకుని చేద్దాం. 2017 నవంబరులో, గుజరాత్ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, యూత్ కాంగ్రెస్ ఆన్‌లైన్ పత్రిక ట్విట్టర్ ఖాతాలో ఒక మీమ్ వచ్చింది. అందులో నరేంద్ర మోదీ, డొనాల్డ్ ట్రంప్, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే ఉంటారు. మోదీ నోట మీమ్ అన్న మాటను తప్పుగా పలికిస్తారు. ట్రంప్ సరిదిద్దుతాడు. చాయ్ అమ్ముకోమని మే అంటుంది. విమర్శలు రాగానే దాన్ని తొలగించారు, తమకది సమ్మతం కాదని కాంగ్రెస్ పార్టీ కూడా చెప్పుకుంది.

ముందు నాలుగో మెట్టు. అవమానం తీసేస్తే ఏం మిగిలింది? ఏమీ లేదు. పెద్ద నోట్ల రద్దుకు ఏడాది నిండిన నెల అది. జీఎస్టీ మీద సూరత్ బట్టల వ్యాపారులు దుకాణాలు మూసి రోడ్డెక్కిన ఏడాది అది. అడగడానికి అన్ని ప్రశ్నలున్నా మీమ్‌లో ఒక్కటీ లేదు.

ఇప్పుడు పట్టిక. వృత్తి వరుసలో చాయ్ అమ్మడం. ఇంగ్లిషు వరుసలో పలకడం రాకపోవడం. రెండూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి: ఈ స్థాయివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియరీ బూర్దూ సాంస్కృతిక పెట్టుబడి అన్నది ఇదే. డబ్బులాగే ఉచ్చారణ, మర్యాద, చదువుకున్న బడి పేరు కూడా తరతరాలుగా ఇంట్లో పోగుపడే ఆస్తి. లేనివాణ్ని గేటు దగ్గరే ఆపడానికి అవి పనికొస్తాయి. తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూలో నోరు పెగలక చెమటలు పట్టిన ఎవరికైనా ఇది సిద్ధాంతంగా చెప్పక్కర్లేదు.

తీర్పు చెప్పేవాళ్లెవరో కూడా చూడండి. ఇద్దరూ తెల్లవాళ్లు, అందులో ఒకరు బ్రిటన్ ప్రధాని. భారత ప్రధానిని ఒక బ్రిటిష్ ప్రధాని నోటితో "నీ పని చూసుకో" అనిపించడం వలసకాలపు నిచ్చెనను మళ్లీ నిలబెట్టడమే. తయారు చేసినవారు ఇంత ఆలోచించి ఉండరని మీరు అనవచ్చు. వాళ్ల ఉద్దేశం మనకు అక్కర్లేదు. ఆలోచించకుండానే చేతికి అందిందంటే, ఆ నిచ్చెన మన మనసుల్లో ఎంత దగ్గరగా వాలి ఉందో అదే చెబుతోంది.

ఇందులో ఇంకో పాఠం ఉంది. 2014 జనవరిలో కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్ చాయ్ గురించి చేసిన ఎత్తిపొడుపును, ఫిబ్రవరికల్లా బీజేపీ 'చాయ్ పే చర్చా' అన్న ప్రచార కార్యక్రమంగా మార్చుకుంది. వృత్తిని తిట్టుగా వాడితే, తిట్టు తిన్న నాయకుడు వెంటనే ఆ వృత్తివాళ్ల పక్కన నిలబడి "చూశారా, మనల్ని ఏమంటున్నారో" అనగలడు. అలా నిలబడ్డంత మాత్రాన చాయ్ అమ్మేవాడి బతుకు బాగుపడిందా లేదా అన్నది వేరే ప్రశ్న. విశ్లేషణలో దాన్ని కూడా వేసి తీరాలి. తిట్టినవాళ్లకూ తిట్టును వాడుకున్నవాళ్లకూ ఆ చాయ్ బండి ఒక బొమ్మే.

ఆడ, మగ వరుస చూసేటప్పుడు ఆడవాళ్ల మీద వచ్చిన మీమ్‌లనే చూసి ఆగిపోకండి. "గాజులు తొడుక్కో" అని మగ నాయకుడికి పెట్టే మీమ్, చీరా సారె పంపే నిరసన కూడా ఇదే వరుసలోకి వస్తాయి. ఆడదానిగా ఉండటమే అక్కడ తిట్టు. తిట్టు తిన్నది మగవాడు, ముడిసరుకైంది ఊళ్లో సగం జనం. గాజులు, చీరలు, జడలు అతికించిన బొమ్మలు లెక్కపెడితే ఈ వరుస ఎంత పొడవుంటుందో తెలుస్తుంది.

రెండు వరుసలు కలిసినచోట విడివిడిగా గుర్తులు పెట్టి వదిలేయకండి. అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో నల్లజాతి మహిళా కార్మికుల కేసుల గురించి రాస్తూ చూపించింది ఇదే. జాతి వివక్షను, లింగ వివక్షను వేర్వేరు గదుల్లో పెట్టి చూస్తే ఆ రెండు గదుల మధ్య నిలబడ్డ మనిషి ఎవరికీ కనిపించదు. దళిత మహిళా నాయకురాలి మీద వచ్చిన మీమ్‌లో ఎగతాళి చేసింది ఆమె చేతిసంచినో నగలనో కావచ్చు. పై కులం మహిళకు అదే సంచి "హుందా" అయి, ఈమెకు "దర్పం" ఎందుకైందో రాయండి. అది రెండు గుర్తుల్లో ఇమడదు, ఒక వాక్యం కావాలి.

6. ఓటరును తిట్టే మీమ్‌కు విడిగా చోటివ్వండి

ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ఓడిన పక్షం పేజీలు చూడండి. నాయకుడు తప్పుకుని ఓటరు గురి అవుతాడు. డబ్బుకు అమ్ముడుపోయారు, ఉచితాలకు అలవాటు పడ్డ సోమరులు, గొర్రెలు. పట్టికలో చివరి వరుస, పేదరికం, ఒక్కరోజులో నిండిపోతుంది. ఏ పార్టీ ఓడినా ఇదే జరుగుతుంది కాబట్టి ఇది పార్టీల సంగతి కాదు, మనందరిలో ఉన్నదాని సంగతి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగాన్ని ఇక్కడ పక్కన పెట్టుకోండి. 1950 జనవరి 26న మనం ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో అందరి ఓటుకూ ఒకే విలువ వచ్చినా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటుందని ఆయన అన్నారు. ఓటరును తిట్టే మీమ్ పుట్టేది సరిగ్గా ఆ పగులులోనే. పింఛను తీసుకునే ముసలామె ఓటూ, విదేశంలో ఉద్యోగం చేసి పోలింగ్‌కు విమానంలో వచ్చినవాడి ఓటూ ఒకే బరువు తూగడం కొందరికి మింగుడుపడదు. పింఛను లంచమైనప్పుడు, పన్ను రాయితీ, పరిశ్రమకు చవగ్గా ఇచ్చిన భూమి ఎందుకు లంచం కాలేదో ఆ మీమ్‌ను అడగండి. ఆ రెండోదాని మీద మీమ్‌లు మీ 40లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లేకపోవడం కూడా ఆధారమే.

అయితే అనుచరులను తిట్టే మాటలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. "గొర్రె" అన్న మాటలో వాదన ఏమీ లేదు. "భక్తుడు" అన్న మాటలో ఎగతాళి ఉన్నా దాని వెనుక ఒక ఆరోపణ కూడా ఉంది: నాయకుణ్ని ప్రశ్నించడం మానేశారని. అదే ప్రసంగంలో అంబేడ్కర్ మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో గానీ రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు. కాబట్టి ఆ మాటను నాలుగో మెట్టు పరీక్షకు పెట్టండి. ఫలానా నిర్ణయాన్ని గుడ్డిగా సమర్థించినందుకు అంటే అది విమర్శ. గుడికి వెళ్లినందుకో బొట్టు పెట్టుకున్నందుకో అంటే అప్పుడు ముడిసరుకు మతమైంది.

7. మాట భాష మారితే ఏమైందో చూడండి

దేశమంతా తిరిగే తిట్టు తెలుగులోకి వచ్చేసరికి కొత్త ఒళ్లు తొడుక్కుంటుంది. హిందీలో పప్పు అన్నది ముద్దుపేరు. 2008లో ఢిల్లీ ఎన్నికల అధికారులు ఓటేయని కుర్రాణ్ని పప్పు అని పిలుస్తూ ఓటు చైతన్య ప్రచారం చేశారు. తర్వాత ప్రత్యర్థులు ఆ మాటను రాహుల్ గాంధీకి అంటించారు. పైన చెప్పిన చాయ్ మీమ్ వచ్చిన నెలలోనే, 2017 నవంబరులో, బీజేపీ ప్రకటనలో ఆ మాట కించపరిచేలా ఉందని గుజరాత్ ఎన్నికల అధికారులు అభ్యంతరం చెబితే, పార్టీ దాని స్థానంలో "యువరాజ్" అని పెట్టుకుంది. ఈ మార్పు మన పాఠానికి అచ్చంగా సరిపోతుంది. మొదటి మాట తెలివి గురించి, దాన్ని రుజువు చేయనూలేరు కొట్టేయనూలేరు. రెండో మాటలోనూ ఎత్తిపొడుపు ఉంది, కానీ వారసత్వ రాజకీయం అన్న ఆరోపణ కూడా ఉంది. దాని మీద వాదించుకోవచ్చు.

తెలుగులో పప్పు అంటే అన్నంలోకి వండుకునే పప్పు. పైగా చురుకు లేనివాణ్ని ముద్దపప్పు అనడం మనకు ముందే ఉంది. హిందీ తిట్టు వచ్చి ఈ పాత మాట ఒళ్లో కూర్చుంది. అందుకే ఇక్కడి నాయకులకు అంటించినప్పుడు పప్పు గిన్నె, గరిటె, నెయ్యి బొమ్మలు వచ్చాయి. ఆ గిన్నె బొమ్మను ఉత్తరాదివాడికి చూపిస్తే నవ్వు రాదు. కాబట్టి పట్టికలో "ఈ మాటకు తెలుగులో ఉన్న పాత అర్థం" అని ఒక గడి పెట్టండి. నిఘంటువు చూడండి, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

8. చూసేవాళ్ల దగ్గరికి వెళ్లండి

బ్రిటన్‌లో సంస్కృతి, మీడియా మీద పనిచేసిన స్టువర్ట్ హాల్ 1973లో చెప్పిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. బొమ్మలో పెట్టిన అర్థాన్ని చూసేవాళ్లు మూడు రకాలుగా అందుకుంటారు: పెట్టినట్టే ఒప్పుకోవడం, కొంత ఒప్పుకుని కొంత మార్చుకోవడం, పూర్తిగా ఎదురు తిరగడం. దీన్ని ఊహించి రాయొద్దు. ఒక్కో మీమ్‌ను కనీసం ఐదుగురికి చూపించండి. వయసు, కులం, ఊరు, పార్టీ ఒకేలా ఉండకూడదు. "ఇది ఎవరి గురించి? ఎందుకు నవ్వొచ్చింది? ఎవరికి కష్టంగా ఉంటుంది?" అని మూడే ప్రశ్నలు అడిగి, జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "ఇది అవమానకరంగా ఉందా?" అని అడిగితే మీకు కావలసిన జవాబును మీరే అందించినట్టు.

ఒక్క బొమ్మకు కాలం మారితే అర్థం ఎంత మారుతుందో చెప్పడానికి శంకర్ 1949లో గీసిన కార్టూన్ చాలు. రాజ్యాంగం అన్న నత్త మీద అంబేడ్కర్ కూర్చుని ఉంటారు, వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటారు, జనం చూస్తుంటారు. పని నెమ్మదిగా సాగుతోందన్నది దాని ఆరోపణ. దానికి జవాబు కూడా అందరికీ తెలిసిందే. ఆలస్యం అన్న మాటకు అంబేడ్కర్ ఆ నవంబరు 25 ప్రసంగంలోనే లెక్కలతో బదులిచ్చారు: సభ్యులు ఇచ్చిన సవరణలు 7,635, సభ ముందుకు వచ్చినవి 2,473. అదే కార్టూన్ 2006లో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలోకి వచ్చి, 2012 మేలో పార్లమెంటును కుదిపేసింది. ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది.

గీత ఒక్కటీ మారలేదు. మారింది చూసే కళ్లు. 1949లో పత్రిక చదివే చిన్న వర్గానికి అది ఇద్దరు మంత్రుల మీద చమత్కారం. 2012 నాటికి అదే పుస్తకాన్ని తరగతి గదిలో దళిత పిల్లలూ తెరుస్తున్నారు, వాళ్లకు అంబేడ్కర్ ఒక మంత్రి కాదు. బ్రాహ్మణుడైన నెహ్రూ చేతిలో కొరడా, దాని ముందు అంబేడ్కర్ వీపు అన్న దృశ్యం వాళ్లకు వేరే చరిత్రను గుర్తు చేస్తుంది. పిల్లలు దాన్ని చర్చించాల్సిందేనన్నవాళ్ల వాదనలోనూ బలముంది. మీరు ఒక పక్షం తీసుకోవచ్చు. కానీ "నాకు నవ్వొచ్చింది కాబట్టి అందులో ఏమీ లేదు" అన్నది పక్షం కాదు.

ఇక్కడే మరో చిక్కు వస్తుంది. ముడిసరుకైన మనుషులే ఆ మీమ్‌కు పగలబడి నవ్వడం మీరు చూస్తారు. దాన్ని చూసి విశ్లేషణ తప్పిందని అనుకోకండి. ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రామ్‌షీ ఆధిపత్యం గురించి చెప్పింది ఇదే: బలవంతంతోనే కాదు, "లోకం తీరే అంత" అన్న ఒప్పుదలతో కూడా నిచ్చెన నిలబడుతుంది. అలాగని నవ్విన ప్రతివాడినీ మోసపోయినవాడిగా రాయడం ఇంకా పెద్ద తప్పు. ఆ నవ్వు నిజంగా నాయకుడి మీదే కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

9. డబ్బు ఎక్కడిది?

దీన్ని చాలామంది వదిలేస్తారు. పేజీ ఎప్పుడు మొదలైంది, పేరు ఎన్నిసార్లు మారింది అన్నది ఫేస్‌బుక్‌లో పేజీ పారదర్శకత విభాగంలో ఉంటుంది. వంటల పేజీగానో సినిమా అభిమానుల పేజీగానో పుట్టి, లైకులు పోగయ్యాక రాజకీయంలోకి దిగినవి అక్కడ పట్టుబడతాయి. మెటా యాడ్ లైబ్రరీలో పేజీ పేరు కొట్టి, భారత్ ఎంచుకుని, రాజకీయ ప్రకటనలు చూడండి. ఎవరు చెల్లించారు, సుమారు ఎంత అన్నవి అక్కడ కనిపిస్తాయి. అయితే ఖర్చు ఒక శ్రేణిగా మాత్రమే ఇస్తారు, దాన్ని కచ్చితమైన మొత్తంగా రాయకండి. ప్రకటన లేనంత మాత్రాన డబ్బు లేదనీ అనకండి, జీతాలిచ్చి చేయించేది అక్కడ కనిపించదు. రుజువు లేకుండా ఫలానా పార్టీ సోషల్ మీడియా విభాగం పని అని రాస్తే, మీ మిగతా పని అంతా ఆ ఒక్క వాక్యంతో కూలిపోతుంది.

10. ఇద్దరు చూడాలి, తర్వాతే రాయాలి

40లో 10 మీమ్‌లను ఇంకొకరికిచ్చి మీ పట్టిక చూపించకుండా గుర్తులు పెట్టమనండి. మీకు భిన్నమైన రాజకీయం ఉన్నవారైతే మరీ మంచిది. పదింటిలో ఎనిమిదింటికి గుర్తులు కలిస్తే ముందుకు వెళ్లండి. కలవకపోతే తప్పు మనుషులది కాదు, వరుసల నిర్వచనాలది. సాధారణంగా తేడా వచ్చేది "వృత్తి"కీ "పేదరికం"కీ మధ్య. ఆ రెండింటికీ చెరొక ఉదాహరణ రాసిపెట్టుకుని మళ్లీ చేయండి.

రాసేటప్పుడు ఒక్కో మీమ్‌కు 400 పదాలు మించనక్కర్లేదు. వర్ణన, ఆరోపణ, ముడిసరుకు, చూసినవారి మాటలు, డబ్బు జాడ అన్న వరుసలో వెళ్లండి. సిద్ధాంతకర్త పేరు ఆ వాక్యంలో ఏదైనా పని చేస్తేనే పెట్టండి. పేరు తీసేసినా వాక్యం అలాగే నిలబడితే ఆ పేరు అలంకారమే. "ఈ పార్టీవాళ్లంతా ఇంతే" అని 40 బొమ్మలతో తేల్చకండి. "మేం చూసిన 40లో" అని మొదలుపెట్టండి.

చట్టం ప్రశ్నను విశ్లేషణతో కలపకండి. చిరాకు పుట్టించే ఆన్‌లైన్ సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఒక మీమ్ చిరాకు పుట్టించినంత మాత్రాన ఆ సెక్షన్ కింద నేరం కాదు. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను బహిరంగంగా అవమానించడం, అశ్లీల చిత్రాలు పంచడం మాత్రం వేరు, వాటికి చట్టాలున్నాయి. మార్ఫింగ్ చేసిన అశ్లీల బొమ్మ మీ సేకరణలోకి వస్తే దాచుకోవద్దు, మీ వ్యాసంలో అచ్చు వేయొద్దు. లింకు, తేదీ, రెండు వాక్యాల వర్ణన రాసుకుని బొమ్మ తీసేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

పని అయ్యాక పట్టికలో చివరి గడి ఒకటి ఖాళీగా ఉంచి, మూడు నెలల తర్వాతి తేదీ వేయండి. ఆ రోజు అవే బొమ్మలను మళ్లీ చూసి, మీరు మొదట రాసిన ముడిసరుకు మాట ఇప్పటికీ అదేనా, మారిందా అన్నది ఎరుపు సిరాతో పక్కన రాయండి.